డిస్క్‌వరల్డ్: అభిమాని గీసిన మాంత్రికుడు

టెరీ ప్రాచెట్ 1983లో ‘ది కలర్ ఆఫ్ మ్యాజిక్’తో మొదలుపెట్టిన హాస్య ఫాంటసీ వరస డిస్క్‌వరల్డ్. చివరికి అది 41 నవలలయింది. చాలా నవలల్లో అట్ట మీద తప్ప లోపల బొమ్మలుండవు. అభిమానుల పెన్సిళ్లకు అంతకన్నా ఏం కావాలి?

మొదట్లో అట్టలు వేసిన జోష్ కిర్బీ, రిన్స్‌విండ్ అనే మాంత్రికుణ్ని తెల్లగడ్డం ముసలివాణ్ని చేశాడు. నవలలో అతను అంత వయసువాడు కాడు. బక్కపలచని మనిషి, మాసిన అంగీ, ఎప్పుడు పారిపోదామా అన్న చూపు. టోపీ మీద తళుకుబిళ్లలతో ‘మాంత్రికుడు’ అని రాసి ఉంటుంది, అదీ అక్షరదోషంతో! పాల్ కిడ్బీ అనే అభిమాని 1993లో, పుస్తకాల మీద సంతకాలు చేస్తున్న ప్రాచెట్‌కు తన బొమ్మలు అందించాడు. 2001లో ‘ది లాస్ట్ హీరో’ అనే డిస్క్‌వరల్డ్ నవలకు బొమ్మలు కిడ్బీయే వేశాడు. అదే ఏడు కిర్బీ చనిపోవడంతో అట్టల పనీ ఆయనకే వచ్చింది.

మరి ఇలా అభిమానులు గీయడం చట్టం ఒప్పుతుందా? మన దేశపు 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత పోయాక 60 ఏళ్లు హక్కులుంటాయి. ప్రాచెట్ 2015లో మరణించాడు కనుక గడువు 2075 చివరిదాకా. రాయ్‌పూర్‌లో ఓ కుర్రాడు సొంత సరదాకు రిన్స్‌విండ్‌ను గీసుకుంటే చట్టం పట్టించుకోదు. టీషర్టుల మీద అచ్చేసి అమ్మాలంటే మాత్రం హక్కుదారుల అనుమతి తీసుకోవాలి.