ఉక్కు సాగిన చోటు

ఆవిరి లైన్లకూ చమురు పైపులకూ బిగించే పెద్ద వాల్వును ఫ్యాక్టరీ దాటించే ముందు దాని బాడీని నీళ్లతో నింపి, చల్లని స్థితిలో అది తట్టుకోవాల్సిన ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తారు. ఎక్కడా చెమ్మ కనిపించకపోతే పాసైనట్టే. ఈ పరీక్ష తప్పనిసరే గాని, ఇవాళ కారుతోందా లేదా అన్నంతవరకే అది చెబుతుంది. లోహం ఏ మూల ఎక్కువ సాగుతోందో, ఒత్తిడి వేలసార్లు ఎక్కి దిగాక పగులు ఎక్కణ్నుంచి మొదలవుతుందో చెప్పదు. ఆ సాగుదల కంటికి ఆనేది కాదు. ఉక్కులో 100 మెగాపాస్కల్ ప్రతిబలం పుడితే పది సెంటీమీటర్ల పొడవు పెరిగేది 0.05 మిల్లీమీటరే. 1938లో అమెరికాలో సిమన్స్, రూజ్ విడివిడిగా రూపొందించిన స్ట్రెయిన్ గేజ్ దీన్ని ఎంతో కచ్చితంగా కొలుస్తుంది. చిక్కల్లా, అంటించిన చోటే కొలుస్తుంది. వాల్వు బాడీ సాదా గొట్టం కాదు. పైపు దారికి అడ్డంగా మెడ లేస్తుంది, ఆ రెండూ కలిసే మూల ఉంటుంది, ఫ్లాంజుల్ని బోల్టులు లాగిపట్టి ఉంచుతాయి. ప్రమాదం ఎక్కడుందో ముందే తెలిస్తేనే గేజ్ ఎక్కడ అంటించాలో తెలుస్తుంది. అందుకే ఇలాంటి ఆకారాల దగ్గర ఉపరితలమంతటినీ ఒకేసారి చూసే వెలుగు పద్ధతికే మొదటి స్థానం ఇవ్వాలంటాను.

ఈ ఆలోచన పాతదే. నొక్కిన గాజును ధ్రువిత కాంతిలో చూస్తే రంగులు విచ్చుకుంటాయని డేవిడ్ బ్రూస్టర్ 1810ల నడుమే గమనించాడు. కాని ఉక్కులోంచి వెలుగు దూరదు కదా! అందుకని ఇంజనీర్లు యంత్రభాగాల నమూనాలను పారదర్శక ప్లాస్టిక్‌తో చేసి చూసేవారు. తర్వాత లోహం మీదే పారదర్శక పూత అంటించి, దాని రంగుల్ని చదవడం వచ్చింది. 1960లో లేజర్ వెలిగాక నమూనాతోనూ పూతతోనూ పని లేకుండా పోయింది. 1965లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పవెల్, స్టెట్సన్ హోలోగ్రాములో కంపించే వస్తువు మీద నల్లని పట్టీలు చూశారు. హీలియం-నియాన్ లేజర్ వాడి, లోడుకు ముందూ తర్వాతా హోలోగ్రాము తీస్తే, ఎదురుగా చూసినప్పుడు ఒక్కో పట్టీ దాదాపు 0.32 మైక్రోమీటర్ల కదలికకు గుర్తు. అంత సూక్ష్మత వల్లే ఆ పద్ధతి పరిశోధనశాలలోని అదరని బల్లను దాటి రాలేకపోయింది. పంపు ఆడుతున్న టెస్టు షెడ్డులో నేల కంపించినా చాలు, పట్టీలు చెదిరిపోతాయి.

షెడ్డులోకి నిలకడగా అడుగుపెట్టింది 1980లలో అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయంలో పురుడు పోసుకున్న డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్. వాల్వు మీద మ్యాట్ తెల్ల రంగు వేసి, దానిపై నల్లచుక్కలు అడ్డదిడ్డంగా చల్లుతారు. ఒక్కో చుక్క కెమెరాలో మూడు నుంచి అయిదు పిక్సెళ్లంత ఉండాలి. మరీ చిన్నవైతే కంప్యూటరు పోల్చుకోలేదు, పెద్దవైతే వివరం పోతుంది. కోణం మార్చి పెట్టిన రెండు కెమెరాలు ఒత్తిడి ఎక్కుతున్నంతసేపూ బొమ్మలు తీస్తాయి. ప్రోగ్రాము చిన్న చిన్న గళ్లలోని చుక్కల అమరికను బొమ్మ తర్వాత బొమ్మలో వెతికి పట్టుకుంటుంది; పిక్సెల్‌లో నూరోవంతు కదలికను కూడా గుర్తించగలదు. బోల్టులు బిగించే దశనుంచే తీయడం మొదలుపెడితే, నీళ్లు పోయకముందే ఫ్లాంజు ఎటు ఒంగుతుందో కనిపిస్తుంది. నాకైతే ఈ పద్ధతి చూపే అన్నిటిలోకీ ఇదే విలువైనది.

కంప్యూటరు లెక్క ఉండగా ఇంత తతంగం ఎందుకని అడగవచ్చు. లెక్క వేసేది డ్రాయింగులోని వాల్వుకు. పోతపోసిన అసలు బాడీలో గోడ మందం చోటుచోటుకూ మారుతుంది, బోల్టులన్నీ ఒకే బిగువులో ఉండవు. కొలత లేనిదే ఆ లెక్క నిజమో కాదో తేలదు. రెండో ఆక్షేపణ ఇంకా బలమైనది: పగులు తరచు లోపలి మూలలో పుడితే, కెమెరా చూసేది బయటి చర్మాన్నే. నిజమే. కాని బయటి పటమంతా లెక్కతో సరిపోలితే, లోపలి మూల గురించి అదే లెక్క చెప్పేదాన్ని నమ్మడానికి ఆధారం దొరుకుతుంది. ఒకటి రెండు గేజులతో సరిపోలడం అంత గట్టి ఆధారం కాదు. ఇక సూక్ష్మతలో గేజే మెరుగు. పదిలక్షల్లో పదుల భాగాల దగ్గర ఈ చుక్కల పద్ధతి తడబడుతుంది. కాబట్టి కెమెరా ఎక్కువ సాగుదల చూపిన మూలల్లో గేజులు అంటించి అసలు అంకె తీసుకోవాలి. వేడి సంగతి వేరు: కాలే ఆవిరి వాల్వు చుట్టూ గాలి అలలాడి, కదలని చుక్కలు కూడా కదిలినట్టు కనిపిస్తాయి. ఆ గాలిని ఫ్యానుతో చెదరగొట్టి, చాలా బొమ్మల సగటు తీసి కొంత సర్దుకోవచ్చు గాని, చల్లని వాల్వు మీద దొరికిన స్పష్టత అక్కడ దొరకదు.