పాత బండి ధర మీటర్ల లేదు, ఆర్‌సీల ఉన్నది

తమ్ముళ్లూ, చర్ల, దుమ్ముగూడెం దిక్కు పాత బండి కొనబోతే అందరు ముందుగాల మీటరే సూస్తరు. మీటరు తిప్పుడు పెద్ద పనా? కాలు పెట్టే రబ్బరు సూడుండ్రి. అది అరిగి నున్నగైతే మీటరు మాట నమ్మొద్దు. పొద్దుగాల, ఇంజన్ సల్లగున్నప్పుడే పోవాలె. ముందే వేడిజేసి పెట్టిండంటే అనుమానమే. నీలం పొగొస్తే ఆయిల్ కాలుతున్నట్టు. మనయి వాగులు దాటే బండ్లాయె, ఆయిల్ పాలు కలిపిన చాయ్ లెక్కుంటే లోపలికి నీళ్లు పోయినట్టే. రిపేరు ఖర్చు ధరల కొట్టెయ్యాలె.

ఇంజనన్న బాగైతది, కాయితం బాగుగాదు. ఛత్తీస్‌గఢ్ నంబరు బండి సగం ధరకే వస్తుందని మురువకుండ్రి. అక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌ఓసీ, అదే ఫారం 28, లేకుంటే మన పేరు మీదికి రాదు. ఈడ లైఫ్ టాక్స్ వేరే. చింతూరు, కూనవరం 2014ల ఆంధ్రల కలిసినయ్ గదా, అక్కడి నంబరుంటే మేనమామ బండైనా పక్క రాష్ట్రం బండే.

అమ్మెటోని సంతకం ఫారం 29, 30 మీద పడ్డంకనే పైసలియ్యాలె. ఫైనాన్స్ ఉంటే ఫారం 35 అడుగుండ్రి. లేకుంటే అడవి రోడ్డు మీద చెకింగ్‌ల ఆపిననాడు కాయితంల పేరొకనిది, బండి మీదున్నది నువ్వు.

అమ్మెటోళ్లకు సుత ఒక మాట. ఆర్‌సీల పేరున్నోడే ఓనరని 2018ల సుప్రీంకోర్టు చెప్పింది. బండమ్మి పేరు మార్చకుంటే, కొన్నోడు చేసిన యాక్సిడెంట్ నష్టపరిహారం నీ మెడకే.