ఒక్క ఆదేశం... వేల పేర్లు!

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలోని తీరగ్రామం భావనపాడు. అక్కడ పోర్టు వస్తుందని ఏళ్ల తరబడి వింటూ వచ్చారు జనం. తీరా 2023 ఏప్రిల్‌ 19న శంకుస్థాపన జరిగింది అదే మండలంలోని మూలపేటలో. భావనపాడు పోర్టు కాస్తా మూలపేట పోర్టు అయింది. బోర్డు మీద పేరు మార్చడం తేలికే. మరి కంప్యూటర్లో దాచుకున్న పాత ఫైళ్ల సంగతి?

ఏడాదికో ఫోల్డరు, అందులో నెలకొకటి, వాటిలో ఫొటోలూ మ్యాపులూ... ఇలా వేల ఫైళ్లు ఉన్నాయనుకోండి. ఒక్కోదాని మీదా క్లిక్‌ చేస్తూ పేరు మార్చాలంటే రోజులు పడుతుంది. కమాండ్‌ లైన్‌లో అయితే రెండు మూడు లైన్ల ఆదేశం చాలు. లైనక్స్‌లో 'ఫైండ్‌' ఫోల్డర్ల అడుగుదాకా వెళ్లి ఫైళ్లను వెతికి తెస్తుంది. 'ఎంవీ' పేరు మారుస్తుంది. విండోస్‌ వాడేవారికి 2006లో వచ్చిన పవర్‌షెల్‌ ఉంది.

చిక్కల్లా ఒకటే... కంప్యూటరుకు తెలిసింది అక్షరాలే. ఏది ఊరో, ఏది పోర్టో దానికేం తెలుసు? 'భావనపాడు' కనిపించినచోటల్లా 'మూలపేట' అని పెట్టమంటే, 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు భావనపాడులో తీసిన ఫొటోలూ మూలపేట ఖాతాలో చేరిపోతాయి. మారింది పోర్టు పేరే, ఊరు పేరు కాదు కదా! రేపు ఎవరైనా ఆ ఊరి నష్టం చూడాలని వెతికితే ఒక్క ఫొటో కూడా దొరకదు.

అందుకే 'భావనపాడు పోర్టు' అని రెండు మాటలూ కలిసి ఉన్నవాటినే మార్చమని చెప్పాలి. ముందుగా మొత్తానికీ కాపీ తీసి వేరే డిస్కులో పెట్టుకోవాలి. ఆపైన ఉత్తుత్తి పరీక్ష... పవర్‌షెల్‌లో 'వాట్‌ ఇఫ్‌' జతచేస్తే ఏ పేరు ఏమవుతుందో చూపిస్తుందే తప్ప దేన్నీ ముట్టుకోదు. ఫోల్డర్ల పేర్లూ మార్చాలంటే అన్నిటికన్నా లోపలున్నవాటితో మొదలుపెట్టాలి. బయటి ఫోల్డరు పేరు ముందే మారిస్తే, లోపలి ఫైళ్లకు కంప్యూటరు రాసుకున్న చిరునామాలు తప్పుతాయి. ఒకే ఫోల్డరులో రెండు ఫైళ్లకు ఒకే పేరు వచ్చినా కష్టమే. లైనక్స్‌లో 'ఎంవీ' సాధారణంగా అడగకుండానే పాతదాన్ని చెరిపేసి కొత్తదాన్ని పెడుతుంది. అది రీసైకిల్‌ బిన్‌లోనూ ఉండదు. 'ఎన్‌' అనే గుర్తు జతచేస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

పాతపేరు, కొత్తపేరు పక్కపక్కనే ఉండేలా ఓ జాబితా రాసి దాచుకుంటే మరీ మంచిది. పెళ్లి ఫొటోలైనా, పిల్లల పుట్టినరోజులవైనా ఇదే పద్ధతి. ముందు పది ఫైళ్లతో సరిచూసుకోండి, తర్వాత పదివేలైనా మార్చుకోండి.