క్రుంగుచున్న నల్లనేల

ఇంగ్లండు దేశపు తూర్పుభాగమున ఫెన్సు అను విశాలమైన పల్లపుసీమ కలదు. అందు హోము గ్రామముచెంత ఒక ఇనుపస్తంభము నిలిచియున్నది. అచటి విటిల్సీ సరస్సును 1851లో యంత్రములతో తోడి యెండగట్టిన దినములలో, భూస్వామి విల్యం వెల్సు ఆ స్తంభమును అడుగునున్న బంకమంటివరకు దింపి, కొనను నేలకు సమముగా నుంచెను. 1860 నాటికే దాదాపు 5 అడుగులు బయటపడెను. నేడు సుమారు 13 అడుగులు కానవచ్చుచున్నది. స్తంభము పెరుగలేదు, నేలయే క్రుంగినది.

ఈ నేలను పీటు అందురు. నలుపును జూచి మన రేగడివంటిదని తలపరాదు. రేగడి బంకమన్ను, పీటు సగము చివికిన మొక్కల పోగు. నిలువనీటిలో చచ్చిన తుంగ, రెల్లు, నాచు గాలి సోకమిచే పూర్తిగా కుళ్లక పొరపై పొరగా పేరుకొనును. ఏటికి మిల్లీమీటరు పెరుగుట సామాన్యము. మూరెడు మందమునకు నాలుగైదు వందల యేండ్లు పట్టునన్నమాట. నీరు తీసినతోడనే గాలి చొచ్చును. సూక్ష్మజీవులు దానిని తినివేయగా, అది బొగ్గుపులుసు వాయువై పైకి పోవును. ఎండిన పొడిని వసంతకాలపు గాలులు చల్లిన విత్తనముతో సహా ఎగురగొట్టుకొని పోవును.

అచటి రైతులు తెలివిమాలినవారు కారు. ఆ నేల గోధుమలను, ఉర్లగడ్డలను పుష్కలముగా పండించినది, నేటికిని పండించుచున్నది. అయితే నేల దిగినకొలది నీటిని మరింత యెత్తునకు తోడవలసివచ్చెను. మొదట గాలిమరలు, పిదప ఆవిరియంత్రములు, తరువాత డీజిలు, విద్యుత్తు పంపులు వచ్చినవి. నేడు పెక్కుచోట్ల నదులు గట్లనడుమ పొలములకంటె యెత్తున పారుచున్నవి. పంపులు నిలిచిన పొలము మునుగును. ఈ వ్యయమునకై మురుగుపారుదల బోర్డులు ఏటేట పన్ను విధించుచున్నవి. సంఘసభ్యులకు ఈ లెక్క వివరింపనక్కరలేదు.

పూర్వపు తడినేలలో నూటికొక పాలైనను మిగులలేదు. ఇంటికప్పుల కుపయోగించు రంపపుటంచుల తుంగ, పురుగులను తిను సన్‌డ్యూ మొక్క, లేతనీలి పూల ఫెన్ వయొలెట్టు విస్తారముగా నుండిన తావులు పోయినవి. వికెను ఫెన్‌లో 1899లోను, వుడ్‌వాల్టనులో 1910లోను కొంత భూమిని కొని కాపాడిరి. చుట్టుపట్ల పొలములు క్రుంగుటచే ఆ తునకలు మిట్టలై, వానినుండి నీరు జారిపోవుచున్నది!

2001లో ఆరంభమైన గ్రేట్ ఫెన్ పథకము క్రింద హోము, వుడ్‌వాల్టనుల నడుమ భూములను మరల తడుపుచున్నారు. తడిలోనే జమ్మును, నాచును పండించి చూచుచున్నారు. ఫెన్ వయొలెట్టు గింజలు పీటులో చిరకాలము నిద్రించి, మన్ను కదలినప్పుడు మొలకెత్తుటయు కలదు. పీటే కరగిపోయి బంకమన్ను పైకి తేలినచోట మాత్రము ఆ గింజలును లేవు.