వీసా, ఇల్లు, జీతం... మూడూ ఒకరి చేతిలోనే
కొరియా 'హగ్వాన్'లలో విదేశీ ఇంగ్లిష్ టీచర్ల బతుకు ఎలా ఉంటుంది?

దక్షిణ కొరియాలో బడి గంట కొట్టినంత మాత్రాన పిల్లల చదువు ఆ రోజుకు అయిపోదు. పుస్తకాల సంచీతో చాలామంది నేరుగా 'హగ్వాన్'కు వెళ్తారు. మన ట్యూషన్ సెంటర్‌నూ కోచింగ్ సెంటర్‌నూ కలిపితే ఎలా ఉంటుందో హగ్వాన్ అలా ఉంటుంది. లెక్కలకు ఒకటి, పియానోకు ఒకటి, తైక్వాండోకు ఒకటి, ఇంగ్లిష్‌కు మరొకటి. ఆ దేశ గణాంక శాఖ లెక్క ప్రకారం 2024లో బడి పిల్లల్లో 80 శాతం మంది ఏదో ఒక ప్రైవేటు చదువు చదివారు. దానికి తల్లిదండ్రులు పెట్టిన ఖర్చు 29.2 లక్షల కోట్ల వోన్లు. మన రూపాయల్లో సుమారు 1.8 లక్షల కోట్లు. రాత్రి పొద్దుపోయే దాకా పిల్లలను కూర్చోబెడుతున్నారని సియోల్ నగరం హగ్వాన్లు రాత్రి 10 గంటలకల్లా మూసేయాలని నిబంధన పెట్టింది. అది చెల్లుతుందని 2009లో రాజ్యాంగ న్యాయస్థానం కూడా చెప్పింది.

ఇంగ్లిష్ హగ్వాన్ ప్రచార పత్రంపై చాలాచోట్ల ఒక విదేశీ టీచర్ నవ్వుతూ కనిపిస్తారు. ఆ ఫొటో చూసి తల్లిదండ్రులు ఫీజు కడతారు. ఆ టీచర్ ఏ షరతుల మీద పనిచేస్తున్నారో మాత్రం ఆ కాగితంలో ఉండదు.

తెలుగు మాధ్యమంలో పాఠాలు చెప్పుకునే మాకు కొరియా సంగతులతో పనేమిటని అడగవచ్చు. పని ఉంది. మన బడుల్లో చదివి బీఈడీ చేసిన పిల్లల ఫోన్లకు 'కొరియాలో ఇంగ్లిష్ టీచర్ ఉద్యోగం, ఇల్లు ఉచితం' అనే ప్రకటనలు వస్తున్నాయి. అవి వాళ్ల కంటే ముందు మన ఇళ్లలో పెద్దలకు అర్థం కావాలి.

చూసేది పాస్‌పోర్టే

హగ్వాన్‌లో భాష నేర్పే విదేశీయులకు ఇచ్చేది 'ఈ-2' వీసా. ఇంగ్లిష్ విషయంలో ఇది ఏడు దేశాల పౌరులకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. ఏదైనా ఒక డిగ్రీ ఉండాలి, నేరచరిత్ర లేదని ధ్రువపత్రం ఉండాలి, అక్కడికి వెళ్లాక వైద్య పరీక్షలో నెగ్గాలి. డిగ్రీ ఫలానా సబ్జెక్టులోనే ఉండాలని లేదు. బోధనలో శిక్షణ కూడా తప్పనిసరి కాదు. వృక్షశాస్త్రం చదివిన ఇరవై మూడేళ్ల యువకుడు మొదటిసారి సుద్దముక్క పట్టుకునేది హగ్వాన్‌లోనే కావచ్చు.

ఇది వాళ్లకు కలిసొచ్చినట్టే కనిపిస్తుంది. కానీ అసలు చిక్కు ఇక్కడే ఉంది. బోధనలో నేర్పును బట్టి కాక పాస్‌పోర్టును బట్టి తీసుకున్న మనిషిని తీసేయడం కూడా తేలికే. అదే పాస్‌పోర్టుతో ఇంకొకరు దొరుకుతారు.

జీతం పెరగలేదు, కనీస వేతనం పెరిగింది

కొత్తగా చేరేవారికి ప్రకటనల్లో సాధారణంగా కనిపించే జీతం నెలకు 21 నుంచి 27 లక్షల వోన్లు. రూపాయల్లోకి మారిస్తే లక్షా ముప్పై వేల నుంచి లక్షా డెబ్బై వేల దాకా. మనకు పెద్ద మొత్తమే. కొరియాలో దాని విలువ తెలియాలంటే అక్కడి కనీస వేతనం పక్కన పెట్టి చూడాలి. 2025లో గంటకు 10,030 వోన్లు. వారానికి 40 గంటలు పనిచేసిన మనిషికి నెలకు 20,96,270 వోన్లు. అంటే ఈ జీతాల్లో కింది మెట్టు, దుకాణంలో సరుకు సర్దే మనిషికి చట్టం ఖాయం చేసిన కూలీకి దాదాపు సమానం.

2010లో కనీస వేతనం గంటకు 4,110 వోన్లే. అప్పుడు కూడా హగ్వాన్ ప్రకటనల్లో 20, 22 లక్షల జీతాలు ఉండేవి. పదిహేనేళ్లలో కూలీ రెండింతలు దాటింది, టీచర్ జీతం దాదాపు ఉన్నచోటే ఉంది.

జీతంతో పాటు ఒక చిన్న గది ఇస్తారు, లేదా అద్దె భత్యం ఇస్తారు. విమాన టికెట్ ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఒప్పందం ఏడాదికే. ఆ ఏడాది సాఫీగా గడిపి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, మళ్లీ అక్కడే కొనసాగినవారూ ఎందరో ఉన్నారు. మాటకు కట్టుబడే యాజమాన్యాలు లేవని మేము అనడం లేదు. మాటకు కట్టుబడకపోతే టీచర్ ఏం చేయగలరన్నదే ప్రశ్న.

'బోధన గంటలు' అనే తిరకాసు

ఒప్పందంలో 'వారానికి 30 బోధన గంటలు' అని ఉంటుంది. టీచర్లకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు. పాఠం తయారీ, నోటు పుస్తకాలు దిద్దడం, తల్లిదండ్రులకు నెలవారీ నివేదికలు, ఫోన్లు ఇవేవీ ఆ ముప్పైలోకి రావు. కొన్నిచోట్ల 40 నిమిషాల క్లాసును క్లాసుగా కాక నిమిషాలుగా లెక్కకడతారు. అప్పుడు అవే 30 గంటలకు 45 క్లాసులు అవుతాయి.

బడి పిల్లలకు నడిపే హగ్వాన్‌లో పని మధ్యాహ్నం మొదలై రాత్రి 9, 10 దాకా సాగుతుంది. పసిపిల్లలకు నడిపేవాటిలో పొద్దున్నే మొదలవుతుంది. ఈ రెండో రకాన్ని జనం 'ఇంగ్లిష్ కిండర్‌గార్టెన్' అంటారు గానీ చట్టం దృష్టిలో అవీ హగ్వాన్లే. ఒక్కోచోట ఒకే టీచర్ రెండు పూటలూ లాగాల్సి వస్తుంది. మామూలు జ్వరానికి జీతంతో సెలవు ఇచ్చి తీరాలని కొరియా కార్మిక చట్టంలో లేదు, ఒప్పందంలో ఉంటేనే. బదులు టీచర్ దొరకరు కాబట్టి మాస్కు పెట్టుకుని క్లాసుకు వెళ్లడమే.

మూడు తాళ్లు, ఒకటే గుంజ

ఈ-2 వీసా ఫలానా హగ్వాన్ పేరు మీదే ఇస్తారు. ఒప్పందం మధ్యలో వేరే చోటికి మారాలంటే పాత యజమాని విడుదల పత్రం రాసివ్వాలి. ఉండే గది కూడా చాలాసార్లు యజమాని పేరు మీదే ఉంటుంది. అద్దెకు అడ్వాన్సు కట్టింది ఆయనే. జీతం సరేసరి. యజమానితో మాట తేడా వస్తే ఉద్యోగం, ఇల్లు, దేశంలో ఉండే హక్కు ఒకేసారి ఊగుతాయి.

మన ప్రైవేటు బడిలో టీచర్‌కు జీతం ఆలస్యమైతే గొణుక్కుంటూనైనా సొంత ఇంటికి వెళ్తారు, వచ్చే ఏడాది ఇంకో బడి చూసుకుంటారు. భాష రాని ఊళ్లో, యజమాని ఇచ్చిన గదిలో ఉన్న మనిషికి ఆ వెసులుబాటు లేదు. చట్టంలో ఎన్ని హక్కులున్నా నోరు తెరవడానికి జంకడం ఇందుకే.

పదకొండో నెల గండం

కొరియా చట్టం ప్రకారం ఒకేచోట ఏడాది నిండా పనిచేస్తే, వెళ్లేటప్పుడు కనీసం ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. మన గ్రాట్యుటీ లాంటిది. అయిదుగురికంటే తక్కువమంది ఉన్న చిన్న సంస్థలకూ 2010 డిసెంబరు నుంచి ఇది వర్తిస్తోంది. ఆ డబ్బు ఎగ్గొట్టడానికి పదకొండో నెలలో ఏదో ఒక వంక పెట్టి టీచర్‌ను సాగనంపడం అక్కడ పాత ఫిర్యాదు.

ఇంకో దారి ఉంది. టీచర్‌ను ఉద్యోగిగా కాక 'స్వతంత్ర కాంట్రాక్టర్'గా రాస్తారు. జీతంలో 3.3 శాతం పన్ను మాత్రమే కోస్తారు. చేతికి నాలుగు వోన్లు ఎక్కువ వస్తున్నాయని టీచర్ సంబరపడతారు. కానీ పింఛను నిధిలో, ఆరోగ్య బీమాలో యజమాని కట్టాల్సిన సగం వాటా ఎగిరిపోతుంది. చివర్లో రావాల్సిన నెల జీతానికీ ఎసరు వస్తుంది. ఒక పెద్ద ఇంగ్లిష్ హగ్వాన్ సంస్థ విదేశీ టీచర్లు ఈ విషయమై కోర్టుకు వెళ్తే, కాగితం మీద పేరు ఏదైనా చేసే పనిని బట్టి వాళ్లు ఉద్యోగులేనని 2015లో కొరియా సుప్రీంకోర్టు తేల్చింది. ఆ పద్ధతి అంతటితో ఆగిపోలేదు.

అయిదుగురి గీత ఇంకోచోట కూడా దెబ్బతీస్తుంది. అంతకంటే తక్కువ సిబ్బంది ఉన్న హగ్వాన్‌లో ఓవర్‌టైమ్‌కు అదనపు రేటు, ఏటా జీతంతో కూడిన సెలవులు, అన్యాయంగా తీసేస్తే సవాలు చేసే హక్కు వర్తించవు. మూడు నెలలు దాటి పనిచేసినవారికి 30 రోజుల ముందు నోటీసు, లేదంటే 30 రోజుల జీతం మాత్రం అక్కడ కూడా దక్కాలి.

అనుమానపు చూపు

కొరియాలో కొంతకాలం ఇంగ్లిష్ చెప్పిన ఒక కెనడా పౌరుడు 2007లో పిల్లలపై లైంగిక నేరాల కేసులో థాయిలాండ్‌లో అరెస్టయ్యాడు. దాంతో కొరియా నిబంధనలు బిగించింది. నేరచరిత్ర తనిఖీ పెట్టడం సబబే. పిల్లల దగ్గరికి పంపే ఎవరినైనా అలా చూడాల్సిందే. కానీ దాంతో పాటు ఈ-2 టీచర్లకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా తప్పనిసరి చేశారు. అదే పని చేసే కొరియా టీచర్లకు ఆ పరీక్ష లేదు. బడిలో పనిచేస్తున్న న్యూజిలాండ్ టీచర్ ఒకరు 2009లో మళ్లీ ఆ పరీక్ష చేయించుకోనని చెప్పి కొలువు పోగొట్టుకున్నారు. ఆమె ఫిర్యాదుపై ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ 2015లో అది వివక్షేనని చెప్పింది. 2017లో ప్రభుత్వం ఆ పరీక్షను ఎత్తేసింది. ఒక్క టీచర్ నిలబడితే మిగతా అందరికీ మేలు జరిగింది. అందుకు ఎనిమిదేళ్లు పట్టింది.

పిల్లలకు దక్కేదేమిటి?

టీచర్‌కు ఏడాదికి మించి భరోసా లేకపోతే పిల్లలకూ ఉండదు. ఫలానా పిల్లవాడు ఎక్కడ తడబడతాడో, ఎవరికి చెబితే వింటాడో టీచర్‌కు తెలిసేసరికి ఒప్పందం ముగుస్తుంది. మళ్లీ కొత్త ముఖం, మళ్లీ 'నీ పేరేమిటి' దగ్గర్నుంచి మొదలు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, బడిలో ఇంకో భాష మాట్లాడే పిల్లలకు చదువు చెబుతున్న మాకు ఒక విషయం తెలుసు. పిల్లవాడికి భాష అబ్బేది ఉచ్చారణ వల్ల కంటే నమ్మకం వల్ల. ఆ నమ్మకానికి ఒకే మనిషి కొన్నేళ్లు ఎదురుగా ఉండాలి.

మన పిల్లలు వెళ్లాలనుకుంటే

భారతీయులకు ఒక దారి ఉంది. రెండు దేశాల మధ్య 2010 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం కింద, డిగ్రీతో పాటు ఇంగ్లిష్ బోధనలో టీచర్ అర్హత ఉన్న భారతీయులకు ఈ-2 వీసా ఇవ్వవచ్చు. అది కూడా పాఠశాలల్లో ఇంగ్లిష్ సహాయక ఉపాధ్యాయులుగా మాత్రమే, హగ్వాన్ కొలువులకు కాదు. ఏడు దేశాల వారికి అక్కర్లేని బోధన అర్హత మనవారికి తప్పనిసరి. పర్యాటక వీసా మీద వచ్చేయండి, హగ్వాన్‌లో చేర్పిస్తామని ఏజెంటు చెబితే అది చట్టవిరుద్ధమైన పనికి పిలుపు. పట్టుబడితే జరిమానా కట్టి దేశం విడిచి రావాల్సింది మన పిల్లలే.

ఏ దేశంలో టీచర్ ఉద్యోగమైనా సంతకానికి ముందు ఇవి అడగాలి:

• వీసా ఏ రకం? ఏ సంస్థ పేరు మీద? మారాలంటే ఎవరి అనుమతి కావాలి?
• ఉద్యోగిగా రాశారా, కాంట్రాక్టర్‌గానా? పింఛను, బీమా కోత ఒప్పందంలో ఉందా?
• పని గంటలెన్ని? క్లాసులను గంటల్లో లెక్కపెడతారా, నిమిషాల్లోనా?
• ఇల్లు ఎవరి పేరు మీద? ఉద్యోగం పోతే ఎన్ని రోజుల్లో ఖాళీ చేయాలి?
• సంస్థలో ఎంతమంది పనిచేస్తున్నారు? ఇప్పుడున్న టీచర్‌తో ఒకసారి మాట్లాడనిస్తారా?

చివరి ప్రశ్నకు యాజమాన్యం నీళ్లు నమిలితే మిగతా జవాబులు నమ్మనక్కర్లేదు. పాస్‌పోర్టు ఎవరికీ అప్పగించకూడదు. విదేశీయుల పాస్‌పోర్టు యజమాని అట్టిపెట్టుకోవడం కొరియాలో నేరం. అక్కడ జీతం గొడవలకు కార్మిక శాఖ నంబరు 1350, వీసా సందేహాలకు 1345. జీతపు చీటీలు, ఒప్పందం ప్రతి, యజమానితో నడిచిన సందేశాలు దాచుకున్నవారి ఫిర్యాదే నిలబడుతుంది. ఒప్పందం ప్రతి ఒకటి ఇంట్లో అమ్మానాన్నల దగ్గర కూడా ఉండాలి.