జనరేటరు పానెలు ముందు నిలిచినప్పుడు

కృష్ణా డెల్టాలో కరెంటు పోవుట కొత్త సంగతి కాదు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన ఊళ్ళతోపాటు విద్యుత్ స్తంభములను కూడ నేలగూల్చినది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచినప్పుడు, అక్కడి ఇండ్లు రోజుల తరబడి చీకటిలో మ్రగ్గినవి. అంతటి విపత్తు రానక్కరలేదు. ఈదురుగాలికి ఒక కొబ్బరిమట్ట తీగలపై పడినను ఊరంతయు చీకటి అగును. అందుచేతనే ఆసుపత్రులలో, బియ్యపు మిల్లులలో, కల్యాణ మండపములలో, అంతస్తుల మేడలలో, రొయ్యల చెరువుల గట్లపై నేడు ఇంజనుతో నడచు జనరేటర్లు వెలసియున్నవి.

జనరేటరు కొనువారు దాని బలమెంత, గంటకు డీజిలు ఎంత త్రాగును అని విచారింతురు. దాని ప్రక్కనున్న ఇనుప పెట్టెను, అనగా కంట్రోలు పానెలును గూర్చి అడుగువారు తక్కువ. కాని యంత్రము చెప్పదలచిన ప్రతి మాటయు ఆ పెట్టె ద్వారానే చెప్పును. ఆ పెట్టె ముందు చేయు ఒక్క పొరపాటు వలన దూరమున స్తంభము మీద నున్న మనిషి ప్రాణమే పోవచ్చును. కనుక పానెలును నడుపు వరుసను, ఆ వరుసకు గల కారణములను మేము ఇక్కడ వివరింప దలచినాము.

పానెలుపై గల మీటర్లు రెండు జట్లు. మొదటి జట్టు ఇంజను ఆరోగ్యమును తెలుపును: నూనె ఒత్తిడి, నీటి వేడిమి, బ్యాటరీ బలము. రెండవ జట్టు పుట్టిన విద్యుత్తు గుణమును తెలుపును: వోల్టులు, ఆంపియర్లు, పౌనఃపున్యము. ఇటీవలి పానెళ్ళలో ఇవన్నియు ఒక చిన్న తెరపై అంకెలుగా కనిపించును. పాత పానెలు మీది ముల్లు చెప్పినది, కొత్త తెర మీది అంకె చెప్పునది ఒక్కటే.

ఇంజనును కదిలించుటకు ముందు నూనె, నీరు, డీజిలు మట్టములు చూడవలెను. జనరేటరు బ్రేకరు ఆఫ్‌లో నున్నదని రూఢి చేసికొనవలెను. తరువాత స్టార్టు మీట నొక్కవలెను. పది సెకండ్లలో ఇంజను అందుకొననిచో విడిచిపెట్టి, అర నిమిషము ఆగి, మరల ప్రయత్నింపవలెను. పట్టుదలతో నొక్కి యుంచినచో స్టార్టరు మోటారు వేడెక్కి చెడును, బ్యాటరీ దిగిపోవును. ఇంజను అందుకొనిన కొద్ది సెకండ్లలోనే నూనె ఒత్తిడి చూపు ముల్లు లేవవలెను. లేవనిచో వెంటనే ఆపవలెను. నూనె అందని బేరింగులు పాడగుటకు ఎంతోసేపు పట్టదు.

ఒత్తిడి సరిగా నున్నచో ఇంజనును మూడు నాలుగు నిమిషములు ఒట్టిగా తిరుగనిచ్చి, విద్యుత్తు మీటర్ల వైపు చూపు మరల్చవలెను. రేడియో శ్రోతలకు పౌనఃపున్యమను మాట కొత్త కాదు. మధ్యతరంగముపై వచ్చు ప్రసారము సెకండుకు లక్షల సార్లు కంపించును. మన ఇంటి విద్యుత్తు సెకండుకు 50 సార్లే కంపించును. నాలుగు ధ్రువములు గల జనరేటరు ఒక్క చుట్టు తిరిగినచో రెండు కంపనములు పుట్టును. నిమిషమునకు 1500 చుట్లు, అనగా సెకండుకు 25 చుట్లు తిరిగినచో సరిగా 50 కంపనములగును. కాబట్టి పౌనఃపున్య మీటరు నిజమునకు ఇంజను వేగమును చూపు మీటరే. భారము లేనప్పుడు అది 51, 52 చూపినను భయము లేదు. భారము పడగానే 50 దగ్గరకు దిగును. అంతకంటె బాగుగా దిగజారినచో ఇంజను మోయలేకున్నదని అర్థము. వోల్టుమీటరు ఫేజుల మధ్య సుమారు 415, ఒక ఫేజుకును న్యూట్రలుకును మధ్య సుమారు 230 చూపవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మెట్టు వచ్చినది. అది చేంజోవరు స్విచ్చి. దానికి మూడు స్థానములుండును: ఒక వైపు వీధి కరెంటు, మరొక వైపు జనరేటరు, నడుమ ఆఫ్. ఈ రెండు విద్యుత్తులు ఎన్నడును కలియకుండ చూచుటయే దాని పని. కలిసిన ఏమగును? మన వీధిలోని ట్రాన్స్‌ఫార్మరు 11,000 వోల్టులను తగ్గించి మనకు ఇచ్చుచున్నది. అయితే దానికి దిక్కుల భేదము లేదు. మన జనరేటరు విద్యుత్తు వెనుకకు పోయి దానిని చేరినచో, అదే ట్రాన్స్‌ఫార్మరు 415ను మరల 11,000 వోల్టుల దాకా పెంచి పై తీగలలోనికి త్రోయగలదు. కరెంటు ఆపివేయబడినదను నమ్మకముతో ఆ తీగెను పట్టుకొని స్తంభముపై నున్న లైనుమన్ గతి ఏమి? గాలివాన వెలిసిన మరునాడు మన ఊరికి వెలుగు తెచ్చుటకు ఎక్కినవాడతడు.

అందుచేత చేంజోవరు స్విచ్చి లేకుండ జనరేటరును ఇంటి తీగలకు కలుపరాదు. విద్యుత్ భద్రతా నిబంధనలు కూడ ఇదే చెప్పుచున్నవి. కొందరు రెండు కొనలా పిన్నులున్న తీగెను తయారుచేసి, చిన్న జనరేటరు నుండి గోడ ప్లగ్గులోనికే విద్యుత్తును ఎక్కింతురు. ఇది ప్రాణాంతకమైన అలవాటు. కరెంటు పోగానే తమంత తామే నడచు పానెళ్ళలో కూడ రెండు విద్యుత్తుల నడుమ అడ్డుకట్ట అమర్చియుండును. ఎంత తొందర పనియైనను దానిని తప్పించి తీగెలు కలుపరాదు.

చేంజోవరును జనరేటరు వైపునకు మార్చి, బ్రేకరు వేసిన పిమ్మట భారమును విడతలు విడతలుగా ఎక్కించవలెను. దీనికి రొయ్యల చెరువు మంచి ఉదాహరణము. కైకలూరు, బంటుమిల్లి, నాగాయలంక ప్రాంతముల రైతులకు తెల్లవారుజాము భయము తెలియనిది కాదు. పగలు నీటిలోని నాచు సూర్యకాంతితో ప్రాణవాయువును విడుచును. రాత్రి అదియు పీల్చుకొనును. తెల్లవారుటకు ముందు నీటిలో ప్రాణవాయువు అతి తక్కువగా నుండును. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగినచో కొద్ది గంటలలోనే పంట అంతయు తేలిపోవచ్చును. ఆ ఆత్రుతలో మనిషి అన్ని మీటలు ఒక్కసారి వేయును.

లెక్క చూతము. 62.5 కె.వి.ఎ. జనరేటరు సుమారు 87 ఆంపియర్లు ఇయ్యగలదు. రెండు గుర్రముల బలము గల ఏరియేటరు నడచునప్పుడు సుమారు మూడున్నర ఆంపియర్లు తీసికొనును. ఇరువదింటికి 70, జనరేటరు మోయగలదు. కాని మోటారు బయలుదేరునప్పుడు దానికి ఆరు రెట్లు కావలెను. ఇరువదియు ఒక్కసారి బయలుదేరినచో 400 ఆంపియర్లు దాటును. బ్రేకరు పడిపోవును, లేదా ఇంజనే ఆగిపోవును. ఉన్న కాస్త సమయమును వృథా యగును. ఒక్కొక్కటిగా వేసి, ఆంపియరు ముల్లు స్థిరపడిన తరువాత తరువాతిది వేసినచో అన్నియు నడచును. మూడు ఫేజులకు భారము సమముగా పంచవలెను. మరమ్మతులో రెండు ఫేజుల తీగెలు తారుమారైనచో మోటార్లు వెనుకకు తిరుగునని కూడ మరువరాదు.

వీధి కరెంటు వచ్చి స్థిరపడిన పిదప ముందు భారమును దించి, బ్రేకరు తీసి, చేంజోవరును మార్చవలెను. ఇంజనును మాత్రము మూడు నాలుగు నిమిషములు ఒట్టిగా తిప్పి, లోని వేడి చల్లారిన పిమ్మట ఆపవలెను. ఎర్రని అత్యవసరపు బొత్తాము ప్రమాదమునకే గాని రోజువారీ వాడుకకు కాదు.

మరి రెండు జాగ్రత్తలు. పొగగొట్టము ఆరుబయలునకే ఉండవలెను. మూసిన వరండాలో చిన్న జనరేటరు నడిపినను, వాసన లేని కార్బన్ మోనాక్సైడు నిద్రలోనే ప్రాణము తీయును. సెల్లారులో పానెలు పెట్టువారు వరద నీటిని తలచుకొని ఎత్తైన దిమ్మె కట్టుకొనవలెను.

పానెలుపై సాధారణముగా ఆంగ్లాక్షరములే యుండును. అర్ధరాత్రి దాని ముందు నిలుచువాడు యజమాని కాడు, కాపలా మనిషియే. కనుక పైన చెప్పిన వరుసను పెద్ద తెలుగు అక్షరములతో వ్రాసి పానెలు ప్రక్కన అంటించుడు. నెలకొకమారు పగటి వెలుతురులో అతని చేతనే నడిపించి చూడుడు. ఆ కాగితములో చేంజోవరును గూర్చిన పంక్తిని ఎర్ర సిరాతో వ్రాయుట మరువకుడు. తక్కిన పంక్తులు మన యంత్రమును, మన పంటను కాపాడును. ఆ ఒక్క పంక్తి మనకు పేరైనను తెలియని ఒక లైనుమన్‌ను క్షేమముగా ఇల్లు చేర్చును.