ఆకుపచ్చ తీగ, నల్ల తీగ

బల్ల మీద రెండు వస్తువులు పెట్టాను. ఒకటి పాత యూపీఎస్‌లోంచి ఊడదీసిన ట్రాన్స్‌ఫార్మర్. రెండోది కంప్యూటర్‌లోంచి తీసేసిన, చచ్చిపోయిన ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్‌కు కరెంటు సర్దే డబ్బా. హార్డ్‌వేర్ నేర్చుకోవడానికి కొత్తగా చేరిన అమ్మాయి రెంటినీ చెరో చేత్తో ఎత్తి చూసింది. "సార్, యూపీఎస్ 600 వీఏ, అంటే ఏ 360 వాట్లో అన్నారు. దీని మీద 450 వాట్లని ఉంది. ఎక్కువ పని చేసేది ఇంత తేలిగ్గా ఉందేంటి? ఇందులో ట్రాన్స్‌ఫార్మర్ లేదా?"

ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, అంతే. ఎలా సరిపోయిందన్నదే ఈ డబ్బా కథంతా.

కంప్యూటర్ రిపేరు నేర్చుకునేవాళ్లకు నేను మొదట ఇచ్చే పని మదర్‌బోర్డు కాదు, విండోస్ ఎక్కించడమూ కాదు. ఎస్‌ఎంపీఎస్‌నే చేతికిస్తాను. డబ్బాకు మూత ఉండగానే, కంప్యూటర్‌తో సంబంధం లేకుండా దాన్ని బతికించి చూడొచ్చు. 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగ ఒక్కటే ఉంటుంది. చిన్న వైరు ముక్కతో దాన్ని పక్కనున్న నల్ల తీగకు కలపండి. ఫ్యాను తిరుగుతుంది. క్యాబినెట్ మీద మనం నొక్కే పవర్ బటన్ కరెంటును నేరుగా ఆపేదీ కాదు, ఇచ్చేదీ కాదు. అది మదర్‌బోర్డుకు కబురు చెబుతుంది, మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను నల్ల తీగ వైపు లాగుతుంది. ఆ కబురు అందుకోవడానికి ఊదా తీగలో 5 వోల్టులు ఎప్పుడూ మెలకువగా ఉంటాయి.

ఇక మల్టీమీటర్ తీయాలి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 మధ్య, ఎరుపు మీద 4.75 నుంచి 5.25 మధ్య, నారింజ మీద 3.3కి దగ్గరగా చూపించాలి. కానీ ఊరికే తిరుగుతున్న డబ్బా అబద్ధం చెబుతుంది. పసుపు, నల్ల తీగల మధ్య బండి ఇండికేటర్ బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, తగిలించి మళ్లీ కొలవాలి. బరువు పడగానే అంకె 10కి జారిపోయిందంటే లోపల కెపాసిటర్ల తలలు ఉబ్బి ఉంటాయని విప్పకముందే చెప్పొచ్చు. ఈ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు, మంచి మదర్‌బోర్డును పాడైందని పక్కన పడేసే తప్పు సగం తప్పుతుంది.

ఇప్పుడు ఆ అమ్మాయి ప్రశ్న. ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌కు ఓపిక హద్దు ఒకటి ఉంది. చుట్ట మీద వోల్టేజీ ఒకే దిక్కుగా ఎంతసేపుంటే, కోర్‌లో అయస్కాంత ప్రవాహం అంత పెరుగుతూ పోతుంది. హద్దు దాటితే కోర్ నిండిపోయి, చుట్టలో కరెంటు అదుపు తప్పి ఉరుకుతుంది. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్. అంటే ఒక్కో దిక్కుకు 10 మిల్లీసెకన్లు. అంతసేపు నిండకుండా తట్టుకోవాలంటే బోలెడంత ఇనుము కావాలి, వందల చుట్లు కావాలి. యూపీఎస్ బరువంతా అదే. అదే వోల్టేజీని సెకనుకు 50,000 సార్లు అటూ ఇటూ తిప్పితే? ఒక్కో దిక్కుకు 10 మైక్రోసెకన్లే. వెయ్యో వంతు. గంగాళంతో ఒక్కసారి మోసే నీళ్లను ముంతతో వెయ్యిసార్లు మోసినట్టు. ముంత చిన్నదైనా ఫరవాలేదు, మోసేవాడి కాళ్లలో వేగం ఉండాలి.

ఆ వేగానికి మామూలు ఇనుప రేకులు పనికిరావు, వాటిలో సుడి కరెంట్లు పుట్టి కాలిపోతాయి. అందుకే ఫెర్రైట్. ఐరన్ ఆక్సైడ్‌లో మాంగనీసు, జింకు ఆక్సైడ్లు కలిపి, అచ్చులో నొక్కి, కుండల్ని కాల్చినట్టు కొలిమిలో కాలుస్తారు. అయస్కాంతానికి దారిస్తుంది గానీ కరెంటును పెద్దగా పారనివ్వదు. కిందపడితే కుండ పెంకులాగే విరుగుతుంది.

కాబట్టి డబ్బా లోపల జరిగేది కాస్త వింతగానే ఉంటుంది. వచ్చిన 230 వోల్టుల ఏసీని ముందు డీసీ చేస్తారు. శిఖరం లెక్కన అది 325 వోల్టులు. మళ్లీ దాన్ని ట్రాన్సిస్టర్లతో ముక్కలుగా కోసి, వేగంగా తిరిగే ఏసీ చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌లోకి పంపి, ఇవతల మళ్లీ డీసీ చేస్తారు. ఇంత తిరుగుడు ఎందుకంటే, పాత పద్ధతిలో 8 వోల్టులు తెచ్చి ట్రాన్సిస్టర్‌తో 5కి తగ్గించేవారు. 20 ఆంపియర్లు కావాలంటే మధ్యలోని 3 వోల్టుల మీద 60 వాట్లు ఉత్త వేడి. కోసే ట్రాన్సిస్టర్ అలా కాదు. పూర్తిగా తెరిచి ఉంటే దాని మీద వోల్టేజీ దాదాపు సున్నా, మూసి ఉంటే కరెంటు సున్నా. రెండిట్లో ఏదో ఒకటి సున్నా అయినప్పుడు గుణిస్తే వచ్చేదీ సున్నాయే. మధ్యలో మారే క్షణాల్లోనే నష్టం.

ఈ కోసే పద్ధతిని, అంటే స్విచింగ్‌ను, ఎవరు తెచ్చారన్న తగువు నాకు చాలా ఇష్టం. 1977 నాటి యాపిల్ 2లో ఫ్యాను ఉండకూడదని స్టీవ్ జాబ్స్ పట్టుబట్టాడు. అటారీలో పనిచేసిన రాడ్ హోల్ట్ స్విచింగ్ సప్లై చేసిచ్చాడు. ప్రతి కంప్యూటరూ హోల్ట్ డిజైన్‌నే కాపీ కొట్టిందన్నట్టు తర్వాత జాబ్స్ చెప్పుకున్నాడు. హోల్ట్ పనితనం గొప్పదే, కానీ ఆ మాట నిలబడదు. రాబర్ట్ బోషర్ట్ 1970లోనే ఉద్యోగం మానేసి, తన వంటింటి బల్ల మీద ఇలాంటి సప్లైలు కట్టడం మొదలుపెట్టాడు. అంతకుముందే ఉపగ్రహాల్లో ఈ పద్ధతి ఉంది. మన క్లాసులో విప్పే డబ్బాల అమరిక కూడా హోల్ట్‌ది కాదు. నన్నడిగితే అసలు గౌరవం ఇద్దరికీ కాక, ఎక్కువ వోల్టేజీని తట్టుకుంటూ వేగంగా తెరిచి మూసే ట్రాన్సిస్టర్లకు, 1976లో వచ్చిన ఎస్‌జీ1524 లాంటి కంట్రోల్ చిప్పులకు దక్కాలి.

విప్పే ముందు ఒక హెచ్చరిక. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లు చార్జి పట్టుకుని ఉండొచ్చు. 12 జూళ్ల దాకా ఉంటుంది, గుండె మీదుగా పోతే చాలు. పాత 100 వాట్ల బల్బు హోల్డర్ తీగలను కెపాసిటర్ కాళ్లకు ఆనించి ఖాళీ చేసి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. రిపేరు చేశాక తిరిగి ప్లగ్ పెట్టేటప్పుడూ అదే బల్బు సిరీస్‌లో ఉండాలి. లోపల షార్ట్ ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది, డబ్బా పేలదు. వెనకనుండే 115/230 ఎర్ర స్విచ్చు సంగతి నేను నేర్చుకునే రోజుల్లో ఒక దుకాణంలో కళ్లారా చూశాను. ఎవరో దాన్ని 115కి జరిపారు. ఆ స్థానంలో సర్క్యూట్ వోల్టేజీని రెట్టింపు చేస్తుంది. మన 230 పడగానే 650 వోల్టులు, 200 తట్టుకునే రెండు కెపాసిటర్ల మీద. చెవులు గింగుర్లెత్తాయి, గదంతా ఘాటు వాసన.

ఆ చచ్చిన డబ్బా ట్రాన్స్‌ఫార్మర్‌ను ఊడదీసి, గిన్నెలో పది నిమిషాలు మరిగించాం. వార్నిష్ మెత్తబడి, ఫెర్రైట్ రెండు చెక్కలూ గుడ్డతో పట్టుకుని లాగితే విడిపోయాయి. అమ్మాయి ఒక్కో పొరా విప్పుతూ లెక్కపెట్టింది. కరెంటు వైపు 40 చుట్లు. 5 వోల్టుల వైపు మూడంటే మూడు. 12 వోల్టుల వైపు 7.

కాసేపు కాగితం మీద ఏదో రాసుకుంది. "సార్, ఇందులో 325లో సగమే చుట్ట మీద పడుతుందన్నారు, అంటే 160. 40 చుట్లకు 160 అయితే చుట్టుకు 4. మరి 3 చుట్లకు 12 రావాలిగా, 5 ఎలా వచ్చింది?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాను. వచ్చేవి నిజంగా 12 వోల్టుల దెబ్బలే. కానీ అవి కాలంలో 42 శాతమే ఉంటాయి, మిగతా సేపు ఖాళీ. ఇవతలనున్న పసుపు రంగు రింగు చోకు ఆ దెబ్బల్నీ ఖాళీల్నీ కలిపి సగటు చేస్తుంది. 12ను 0.42తో గుణిస్తే 5. బరువు పడి వోల్టేజీ తగ్గిందనుకోండి, టీఎల్494 అనే 16 కాళ్ల చిప్పు తన దగ్గరున్న కొలతతో పోల్చి చూసుకుని, స్విచ్చును ఇంకొంచెంసేపు తెరిచి ఉంచుతుంది. ఆ ఆజ్ఞ 325 వోల్టుల వైపుకు తీగ మీద నేరుగా పోకూడదు. ఈ రకం డబ్బాలో బుల్లి ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి దాన్ని అవతలికి దాటిస్తుంది. కొత్తవాటిలో ఆప్టోకప్లర్ అనే నాలుగు కాళ్ల నల్ల చిప్పు. లోపల ఒక ఎల్‌ఈడీ, దాన్ని చూసే ఒక ట్రాన్సిస్టర్. కబురంతా వెలుతురే.

హోల్ట్, బోషర్ట్‌ల తర్వాత చరిత్ర త్వరత్వరగా నడిచిందని చెప్పుకుపోయాను. 1981లో ఐబీఎం పీసీకి 63.5 వాట్లు సరిపోయాయి. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ వచ్చి ఆకుపచ్చ తీగను తెచ్చింది. 2004లో, డబ్బా కరెంటును ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్రల పథకం మొదలైంది. ఇప్పుడు గాలియం నైట్రైడ్ ట్రాన్సిస్టర్లతో ఫోను చార్జర్ పిడికిట్లో ఇమిడిపోతోంది.

అమ్మాయి వీటిలో ఏదీ విన్నట్టు లేదు. కాగితం మీద 7 చుట్లు, 28 వోల్టులు, 0.42 అని రాసి గుణిస్తోంది. 11.76. అదే మోడల్ బతికున్న డబ్బా పక్కనే ఉంది. ఆకుపచ్చ తీగను నల్ల తీగకు కలిపి, ఇండికేటర్ బల్బు తగిలించి, పసుపు తీగ మీద మీటరు ముల్లు ఆనించింది. 11.8.